సారు చదివిన సీసా

పోయిన నెల బోధన్‌లో మా సారును మట్టిచేసి వచ్చాం. సమాధుల తోటలో పాస్టరుగారు మంచి మాటలే చెప్పారు. భక్తిపరుడన్నారు, ఓపిక గలవాడన్నారు, ముప్పై ఏళ్లు ఒకే ఫ్యాక్టరీలో నమ్మకంగా పనిచేశాడన్నారు. ఏ ఫ్యాక్టరీయో మాత్రం చెప్పలేదు. మెథడిస్టు సంఘం ముందు, సమాధి అంచున నిలబడి, డిస్టిలరీ అనే మాట ఎలా అంటారు? పిడికెడు మన్ను వేసి పక్కకు వచ్చాక నాకు ఆ లోటే కనబడుతూ ఉంది. ఆ ఒక్క మాట తీసేస్తే మా సారులో సగం మిగలదు.

ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని ముక్కు సారు అనేవారు. ఆయన ఉండగానే అనేవారు. ఆయనకు కోపం ఉండేది కాదు. చక్కెర తీశాక మిగిలే నల్లటి మడ్డి, మొలాసిస్ అంటారు, అది ట్యాంకర్లలో మా దగ్గరికి వచ్చేది. మక్కలూ, అంటే మొక్కజొన్నలూ, నూకలూ కూడా వచ్చేవి. వాటితో తీసిన మద్యసారం సీసాల్లోకి ఎక్కే ముందు ప్రతి ట్యాంకునూ ఆయన వాసన చూడాలి. బలమెంతో, అందులో విషముందో లేదో మిషన్లు చెబుతాయి. మనిషి నోట పెట్టుకోదగిన వాసనో కాదో ఆయన చెప్పాలి.

నేను ల్యాబులో చేరిన రోజు ఆయన నాతో అన్న మొదటి మాట, "పూలు తీసెయ్ బిడ్డా. పనైనంక పెట్టుకో." చేరే రోజు కదా అని మా అమ్మ జడనిండా మల్లెలు పెట్టి పంపింది. తీసి బయట కిటికీలో పెట్టాను. సాయంత్రం ఆయనే వాటిని తడిగుడ్డలో చుట్టి తెచ్చిచ్చాడు. పని దినాల్లో ఆయన తలకు నూనె రాసుకునేవాడు కాదు, సబ్బు ముట్టేవాడు కాదు, టిఫిన్ డబ్బాలో ఉల్లిగడ్డ ఉండేది కాదు. గ్లాసు చేతికి తీసుకునే ముందు చొక్కా చేతిమడతను ఒకసారి వాసన చూసుకునేవాడు. "పలక తుడుసుకున్నట్టు" అనేవాడు. గ్లాసును ముక్కు కింద ఒక్క క్షణం ఆనించి తీసేసేవాడు. ఒక చుక్క నాలుక మీద తిప్పి తొట్టిలో ఉమ్మేసి, పుక్కిలించి, అప్పుడు రాసేవాడు. ముప్పై ఏళ్లలో ఒక్క గుటక మింగలేదు.

"సారు తాగడా?" అని కొత్తవాళ్లు అడిగితే నవ్వేవాడు. "నేను తాగేటోణ్ని గాదు, సదివేటోణ్ని."

ఒకసారి సరిహద్దు అవతలి నుంచి మొలాసిస్ ట్యాంకర్ వచ్చింది. డ్రైవర్ మరాఠీవాడు. సారు పై మూత తీయించి వంగి చూసి, డ్రైవర్ వైపు తిరిగి, "పైన గీ ఏడుది. కింద పోయినేటిది. కలిపి తెచ్చిండ్రు," అన్నాడు. నేను మరాఠీలో చెప్పబోయేలోగా డ్రైవర్‌కే అర్థమైంది. కాసేపు నేల చూపులు చూసి, "బరోబర్ సాహెబ్," అని బండి వెనక్కి తిప్పుకుని పోయాడు.

ఇక ఆ సీసా సంగతి.

వేల్పూర్ రైతు ఒకాయన మాకు మక్కలు తెచ్చేవాడు. ఒక రోజు మధ్యాహ్నం లారీ దిగి, తువ్వాలలో చుట్టిన సీసా ఒకటి ల్యాబు బల్ల మీద పెట్టాడు. "మా అల్లుడు దుబాయికెల్లి తెచ్చిండు సారూ. పెద్ద మాలంట. మూత దీస్తే దవాఖాన్ల బడ్డట్టుంది. ఇది తాగేదా, గాయాలకు రాసేదా? నకిలీ మాలని నాకు అనుమానం. జర సూడుర్రి."

సారు ఫ్యాన్లు ఆపించాడు. తలుపు వేయించాడు. చొక్కా చేతిమడత వాసన చూసుకుని గ్లాసు తీశాడు. మామూలుగా ఒక్క క్షణంలో దించే మనిషి, ఈసారి దించలేదు. దించాక కూడా ఏమీ రాయలేదు. కిటికీ దగ్గరికి పోయి నిలబడి, పది నిమిషాల తర్వాత వచ్చి మళ్లీ ఎత్తాడు.

"పొగ," అన్నాడు. "కట్టెల పొగ గాదు. చెరుకు పిప్పి పొగ గాదు. తడి మట్టిని కాలిస్తే వచ్చే పొగ."

"మట్టిని ఎవరు కాలుస్తరు సారూ?" అన్నాడు రైతు.

"ఏమో. ఎవరో కాల్సిండ్రు." మళ్లీ వాసన చూశాడు. "ఎండిన నాచున్నది. ఎండకాలం బాయి అడుగంటినప్పుడు గోడకు ఎండుతది సూడు, గది. పచ్చి పసుపు కొమ్ము ఇరిసినట్టు ఒకటి. నిమ్మతొక్క." చుక్క నాలుక మీద వేసుకున్నాడు. "ముందుగాల తీపి. ఏయించిన పేలాల తీపి. గా ఎనక మిరియం. ఇగో, ఇప్పుడు ఉప్పు. నాలిక అంచులకు." ఉమ్మేశాడు. పుక్కిలించాడు. తొట్టి అంచు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "ఉమ్మేసినా పోతలేదు. పొగ మళ్ల ఎనకకొచ్చింది."

నేను ఫోనులో ఆ సీసా పేరు వెతికాను. స్కాట్లాండులో ఒక చిన్న దీవి. అక్కడి చిత్తడి నేలల్లో వేల ఏళ్ల గడ్డి కుళ్లి మట్టిగా గట్టిపడుతుందట. దాన్ని ఇటుకల్లా కోసి ఎండబెట్టి, ఆ మంట పొగలో బార్లీ మొలకల్ని ఆరబెడతారట. ఆ ఒక్క బార్లీతో, ఆ ఒక్క చోటే సారం తీసి, చెక్క పీపాల్లో పోసి, సముద్రం గోడకు కొట్టే గోదాముల్లో పదేళ్లకు పైగా ఉంచుతారట. ఆ ఉప్పు సముద్రపు గాలి వల్ల వచ్చిందా ఇంకెందుకన్నా వచ్చిందా అన్నది అక్కడివాళ్లకే తేలలేదట. చదివి వినిపించాను. తడి మట్టిని కాల్చిన సంగతి రాగానే రైతు రెండు చేతులూ జోడించాడు. సారు మాత్రం ఆ మాట విననట్టే ఉన్నాడు.

"టించరున్నది గందుల," అన్నాడు మెల్లగా. "మా అవ్వ."

మా వైపు తల్లిని అవ్వ అంటారు. ఆయన తల్లి ఊరవతల మిషన్ దవాఖానాలో ఆయా. కుష్ఠు రోగుల పుండ్లు కడిగి టించరు పెట్టి కట్లు కట్టేది. కట్టిన పాత గుడ్డలు పెరట్లో కాల్చేది. సాయంత్రం ఇంటికి వచ్చి కొడుకును దగ్గరికి తీసుకుంటే ఆ చీర కొంగులో టించరూ పొగా చెమటా కలిసి ఉండేవట. బళ్లో పిల్లలు ఆయన పక్కన కూర్చునేవారు కాదట, వాసనొస్తోందని. "నాకు గా వాసననే ఇల్లు," అన్నాడు. తర్వాత, "ఫొటో ఉన్నది ఇంట్ల. ఫొటోకు వాసనుండదు గద," అన్నాడు.

నకిలీ కాదని తేలినా ఆ రైతు సీసా వెనక్కి తీసుకోలేదు. "మీకే పనికొచ్చేటట్టుంది సారూ," అని వెళ్లిపోయాడు. తాగుడు సీసా ఇంటికి తీసుకుపోతే అమ్మ, అంటే సారు భార్య, గడప దాటనియ్యదు. అందుకని ల్యాబు బీరువాలోనే పెట్టాడు. నెలకు ఒకసారి, జీతాల రోజు కాదు, పండుగ కాదు, ఏదో ఒక మధ్యాహ్నం, బీరువా తీసి మూత తిప్పి ఒక్కసారి వాసన చూసి మూసేవాడు. ఆ రోజు ఎవరినీ కసిరేవాడు కాదు. నన్ను ఒకసారి అడిగాడు, "నువ్వు సముద్రం సూసినవు గద బిడ్డా, గిట్లనే ఉంటదా?" కాలేజీ వాళ్లతో విశాఖపట్నం పోయి వచ్చాను. చేపల వాసన వస్తుంది సార్ అన్నాను. ఆయనకు తృప్తి కాలేదు. "నువ్వు సరిగ సూల్లే," అన్నాడు. "మనం సారానికి వాసన పూస్తం. వాళ్లది వాసనల పెరుగుతది. గదీ తేడా."

కరోనా రెండో ఏడు ఆయనకూ అమ్మకూ ఒకేసారి జ్వరం వచ్చింది. ఇంట్లోనే పడుకుని లేచారు. మూడు వారాల తర్వాత డ్యూటీకి వచ్చాడు, చిక్కిపోయి. ఆ శుక్రవారం నేను తొందరలో జడలో పూలు మరచిపోయి అలాగే ల్యాబులోకి వచ్చేశాను. ఆయన పక్కనే నిలబడ్డాను. ఆయన చొక్కా చేతిమడత వాసన చూసుకున్నాడు, గ్లాసు ఎత్తాడు, దించాడు, పాస్ అని రాశాడు. పూల మాట ఎత్తలేదు.

నేను జడ మీద చెయ్యి వేసుకున్నాను. ఆయన చూశాడు. పూలను చూశాడు, నా ముఖం చూశాడు. ఆ ముఖంలో అంత భయం నేనెన్నడూ చూడలేదు.

"ఎవ్వరికి జెప్పకు బిడ్డా," అన్నాడు. "వస్తది. డాక్టరు వస్తదన్నడు."

రాలేదు. నిజామాబాదులో చెవి ముక్కు డాక్టరు రావచ్చు, రాకపోవచ్చు అన్నాడట. ఆ "రావచ్చు"ను పట్టుకుని ఏడాదిన్నర బతికాడు. ప్రతి పొద్దునా నాలుగు చిన్న డబ్బాలు తెరిచేవాడు. లవంగాలు, నిమ్మతొక్క, పసుపు, నీలగిరి ఆకు. ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుని, దాని పేరు కూడబలుక్కుంటున్నట్టు పెదవులు కదిపేవాడు. ఒక రోజు నేను వచ్చేసరికి అమ్మోనియా సీసా మూత తీసి ముఖం దగ్గర పట్టుకుని ఉన్నాడు. లాక్కున్నాను. కళ్లు ఎర్రగా కారుతున్నాయి.

"కండ్లల్ల నీళ్లొస్తున్నయి బిడ్డా," అన్నాడు. "వాసన రాదు. నీళ్లొస్తున్నయి గని వాసన రాదు."

ఆ ఏడాదిన్నర ఆయన పని నేను చేశాను. ముందు నేను వాసన చూసేదాన్ని. బాగుంటే పెన్ను మూత పెట్టి బల్ల మీద పెట్టేదాన్ని, బాగోలేకపోతే మూత తీసి పెట్టేదాన్ని. మేనేజరు ఎదుట కూడా అలాగే నడిపించాం. ఆయన గ్లాసు ఎత్తి, దించి, నా పెన్ను చూసి రాసేవాడు. చెప్పేయండి సార్, ఇంకో పనిలో వేస్తారు అని రెండుసార్లు అన్నాను. "ముక్కు లేకపోతే నేనెవర్ని?" అన్నాడు. మూడోసారి అనలేదు. అదే నేను చేసిన తప్పు.

మా అక్క కాన్పుకని ముప్కాల్ పోయి నాలుగు రోజులు ఉండాల్సి వచ్చింది. రెండు ట్యాంకులు ఆపి ఉంచండి సార్, నేను వచ్చాక చూద్దాం అని చెప్పి వెళ్లాను. పైనుంచి తొందర పెట్టినట్టున్నారు. ఒకటి ఆయనే పాస్ చేశాడు. విషం లేదు, బలం సరిగానే ఉంది, మిషన్లన్నీ సరే అన్నాయి. కానీ కుళ్లిన గుడ్డు వాసన. మూత తీసిన ప్రతి దుకాణం నుంచీ సరుకు వాపసు వచ్చింది. నేను తిరిగి వచ్చిన రోజు గోదాము ముందు ఆ పెట్టెలన్నీ దించుతున్నారు. గేటు దగ్గర కాపలా మనిషి కూడా ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. సారు ఆ పెట్టెల మధ్య నిలబడి, పగిలిన సీసా ఒకటి పట్టుకుని వాసన చూస్తున్నాడు. చూస్తూనే ఉన్నాడు.

ఆ మధ్యాహ్నమే రాజీనామా రాసిచ్చాడు. నా పేరు ఎత్తలేదు. బీరువాలోంచి ఆ సీసా తీసి సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. వారం తిరగకుండా ఆయన కుర్చీ నాకిచ్చారు. నేను కూర్చున్నాను.

రెండు నెలలకు అమ్మ ఫోను చేసింది. "మీ సారు తాగుతుండు బిడ్డా. ఒక్కసారొచ్చి పో."

పొద్దు పదకొండవుతోంది. అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. కాళ్ల దగ్గర ఆ స్కాచి సీసా ఉంది, అడుగున రెండు వేళ్లంత మిగిలి. గ్లాసు చేతిలో ఉంది. ఇన్నేళ్లు ఆయన గ్లాసు పట్టుకునే తీరు చూశాను. కాడ దగ్గర, మూడు వేళ్లతో. ఇప్పుడు పిడికిట్లో పట్టుకున్నాడు.

"సదువుతున్ననా అనుకుంటున్నవా?" అన్నాడు నన్ను చూసి. "కండ్లు పోయినోడు బుక్కును నాకినట్టున్నది నా బతుకు. గొంతు కాలుతది. గంతే. పొగ లేదు, ఉప్పు లేదు. మా అవ్వ లేదు." ఒక గుటక మింగాడు. మింగడం చూడలేక నేను ముఖం తిప్పుకున్నాను. "నాకు మెల్లమెల్లగ యాది గూడ పోతుంది బిడ్డా. మొదట్ల కండ్లు మూసుకుంటే వచ్చేది. ఇప్పుడు మాటలు మిగిలినయి. టించరు, పొగ అని మాటలు. వాసన లేదు. ఆమె రెండోసారి సచ్చిపోయింది."

ఆ సీసా అయిపోయాక ఏది దొరికితే అది తాగాడు. మేము చేసినదే తాగాడు. దాన్ని ఒకప్పుడు తొట్టిలో ఉమ్మడానికి కూడా ముఖం చిట్లించేవాడు. చర్చికి పోవడం మానేశాడు. పాస్టరుగారు ఇంటికి వచ్చి ప్రభు భోజనానికి రమ్మంటే, "నా నోట్లె అది ద్రాక్షరసమో చక్కెర నీళ్లో తెలుస్తలేదయ్యా, దేవునికి ఎందుకు అవమానం?" అన్నాడట. రెండేళ్లు అలా గడిచాయి. నేను నెలకోసారి వెళ్లేదాన్ని, తర్వాత రెండు నెలలకోసారి. ఆయన కుర్చీలో కూర్చుని ఆయన ముందుకు పోవడం కష్టంగా ఉండేది.

పోయిన చలికాలం కడుపుకు నీరు పట్టింది. కళ్లు పసుపు పచ్చ. నిజామాబాదులో పది రోజులు ఉంచుకుని ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇంకా కొన్ని వారాలు అన్నారు. తాగుడు అప్పటికే దానంతట అదే ఆగిపోయింది, మంచినీళ్లు కూడా నిలవడం లేదు.

ఒక శనివారం అమ్మ మా ఇంటికే వచ్చింది. ఎన్నడూ రాని మనిషి. గుమ్మంలో నిలబడే అడిగింది. "బిడ్డా, మీ సారు నిద్రల గా సీసా సీసా అంటుండు. దేనికోసం తాగిండో నాకు తెల్వదు. నన్ను అడగనియ్యడు. నీకు తెల్సు గద?"

ఆమెకు ఆయన ఎన్నడూ చెప్పలేదు. నాకు చెప్పిన మాట, ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషికి చెప్పలేదు, అది తాగుడు సీసాలో దొరికిన సంగతి కాబట్టి. అలాంటి సీసా వెతకడానికి ఇద్దరం నిజామాబాదు బస్సెక్కాక చెప్పాను. రైతు సీసా తేవడం, పొగ, నాచు, ఉప్పు, టించరు, అవ్వ కొంగు. ఆమె కిటికీ వైపు తిరిగి విన్నది. బస్సు జానకంపేట దాటింది. తర్వాత, "మా అత్త పదేండ్లు నాతోనే ఉన్నది. ఆఖర్న నా చేతుల్లనే పోయింది," అంది.

పట్టపగలు, మార్కెట్ రోడ్డు మీద, తెల్లచీర కట్టుకుని, సంఘంలో స్త్రీల ప్రార్థన నడిపించే ఆమె వైన్ షాపు మెట్లెక్కింది. నేను పోతా, మీరు ఉండండి అంటే వినలేదు. లోపల మగవాళ్లు పక్కకు జరిగారు.

"ఏం గావాలె అమ్మా?" అన్నాడు కౌంటర్లో మనిషి.

"దవాఖాన వాసనొచ్చేది," అంది.

అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగాడు. నేను కలగజేసుకుని చెప్పాను. అతను నిచ్చెన వేసుకుని పై అరలోంచి ఒకటి తీసి దుమ్ము తుడిచాడు. ఆ దీవిదే, పేరు వేరు. "ఇది ఎవ్వరు తీస్కపోరు మేడం. తీస్కపోయినోళ్లు కాలినట్టుందని తిడ్తరు," అన్నాడు. అమ్మ దాన్ని తన బైబిలు సంచిలో పెట్టుకుంది.

ఇంటికి వచ్చేసరికి మూడవుతోంది. సారు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆమె మంచం పక్కన స్టూలు మీద కూర్చుని సీసా మూత తిప్పింది. గదంతా ఆ వాసన ఒక్కసారిగా నిండింది. సీసా వేరైనా అదే పొగ, అదే టించరు. ఆయన ముక్కుకు ఏమీ తెలియలేదు. మూత చప్పుడుకు ఇటు తిరిగాడు.

ఆమె సీసా మూతిని తన ముఖం దగ్గర పెట్టుకుని లోపలికి పీల్చింది. కళ్లు మూసుకుంది.

"గిది మా అత్త," అంది.

ఆయన ఆమెనే చూస్తున్నాడు. "నీకెట్ల తెల్సు?"

"నాకు తెల్వకుంటెనా? పదేండ్లు ఆమె చీరలు పిండిన. రెండుసార్లు సబ్బు పెట్టినా కొంగుల గీ టించరు పోకపోతుండె. గుడ్డలు కాల్సిన పొగ ఎంటికలల్ల ఉండేది. ఎండకాలమైతే మెడ కాడ ఉప్పు తేలి తెల్లగయ్యేది. నన్ను పక్కకు పిల్చుకొని తలకు నూనె రాసేటప్పుడు గిట్లనే వచ్చేది, గిట్లనే."

"నా కోసం చెప్తున్నవా?"

"సంఘంల పాట పాడే నోరు ఇది. నేను అబద్ధమాడ్తనా?"

పసుపు పచ్చని కళ్లు నిండాయి. చెయ్యి చాపి ఆమె మోకాలి మీద పెట్టాడు. "ఇంక జెప్పు," అన్నాడు. ఆమె మళ్లీ సీసా దగ్గర ముఖం పెట్టి, పీల్చి, చెప్పింది. ఒక్కొక్క పీల్పుకు ఒక్కొక్కటి. అత్త చేతి గాజుల చప్పుడు, కట్లు మడత పెట్టే తీరు, రోగుల పేర్లు ఒక్కటి మరవకుండా ప్రార్థన చేసే తీరు. ఆయన కళ్లు మూసుకుని వింటూ వింటూ అలాగే నిద్రపోయాడు. ఎన్నో నెలల తర్వాత ఆ ముఖం విప్పారి ఉండటం చూశాను. మరో పదకొండు రోజులు బతికాడు. రోజూ మధ్యాహ్నం అడిగి చెప్పించుకునేవాడట.

ఆ రోజు ఆయన నిద్రపోయాక వంటింట్లో పని చూసుకుని, నన్ను పంపడానికి ఆమె అరుగు మీదికి వచ్చింది. ఇద్దరం నిలబడి ఉన్నాం. వంటింట్లోంచి పప్పు మాడుతున్న వాసన మొదలైంది. ఆమె వెళుతుంది కదా అని చూశాను. ఆమె నాతో బస్సు వేళల గురించి మాట్లాడుతూనే ఉంది. వాసన ఎక్కువైంది, పొగ కూడా గుమ్మం దాటుతోంది.

"అమ్మా, పొయ్యి మీద ఏమన్న ఉన్నదా?" అన్నాను.

ఉలిక్కిపడి లోపలికి పరుగెత్తింది. గిన్నె దించిన చప్పుడు, నీళ్లు పోసిన చప్పుడు వినబడ్డాయి. కొంగుతో చేతులు తుడుచుకుంటూ మళ్లీ వచ్చి, గది తలుపు దగ్గరికి వేసి, నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"నాక్కూడ గప్పుడే పోయింది బిడ్డా," అంది, లోపలికి వినబడకుండా. "ఇద్దరికి ఒక్కసారే జ్వరమొచ్చె గద."

"మరి చెప్పలేదేందమ్మా? నాలుగేండ్ల సంది!"

"నా ముక్కుతోని ఎవరికి పని?" అంది. "ఆయనది పోయిందని ఇల్లంత ఏడుస్తుంటే నాదొకటా?"